నలభై ఒక్క రోజులూ, ఒక తలగడా

నవంబరు 3, సోమవారం. ఒకటో రోజు.

ఉదయం 5.10. లేచాను! అలారం కంటే ముందే! దాన్నే నేను లేపాను.

ముప్పై నాలుగేళ్ళు ఆర్టీసీలో కండక్టరుగా చేసినవాణ్ణి. ఏ కాయితం మీదైనా పైన వివరాలు రాయకపోతే చెయ్యి ముందుకి కదలదు. కాబట్టి,

పేరు: బంగార్రాజు. ఊరు: చోడవరం. వయసు: అరవై రెండు. కుడి మోకాలి వయసు: ఏడు వారాలు.

పాతది అరిగిపోయింది. విశాఖలో కొత్తది వేశారు. నిజం చెప్పాలంటే అది ముందు వేయించుకోవలసింది మా కనకం. అంటే నా భార్య కనకమహాలక్ష్మి. ఆవిడ రెండు మోకాళ్ళూ నాకన్నా నాలుగేళ్ళ ముందే పోయాయి. పెరట్లోకి మూడు మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని, వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగుతుంది. పొయ్యి దగ్గర స్టూలు వేసుకుని వండుతుంది. నొప్పి బిళ్ళలు మింగి మింగి కడుపులో మంట. ఆపరేషను మాట ఎత్తితే మాత్రం ఇల్లు పీకి పందిరేస్తుంది.

ఆఖరికి ఒక ఒప్పందానికి వచ్చింది.

"ముందు నువ్వు సేయించుకో బావా. కుంటకండా నడిసి సూపించు. అప్పుడు నేనూ ఊ అంతాను. నువ్వు కుంటేవనుకో, ఇంక జన్మలో నన్నడక్కు."

(మేనమామ కూతురు. బావా అనే పిలుస్తుంది. కోపం వస్తే 'కండక్టరు గారూ' అంటుంది.)

డిసెంబరు 13న విశాఖలో డాక్టరు నన్ను చూస్తారు. కనకం కూడా వస్తుంది. ఆ రోజే తేల్చి చెబుతుందట. ఇవాళ్టి నించి లెక్కపెడితే సరిగ్గా నలభై ఒక్క రోజులు. మాల వేసుకున్నవాళ్ళ దీక్షంత! మాల లేని నడక దీక్ష నాది.

ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి శ్రీలలిత రాసిచ్చిన నియమాలు:

పొద్దున్న ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు నడక.
అడుగు వేసేటప్పుడు ముందు మడమ, తరవాత వేళ్ళు.
కర్ర ఎడమ చేతిలో.
రోజుకి మూడుసార్లు మోకాలు వంచడం, చాపడం.
పడుకున్నప్పుడు మోకాలి కింద తలగడ పెట్టకూడదు.

ఆఖరిదాని కింద రెండు గీతలు గీసింది. "తలగడ పెడితే హాయిగా ఉంటుంది అంకుల్. కానీ మోకాలు వంగినట్టే బిగిసిపోతుంది. తరవాత తిన్నగా చాపలేరు, కుంటు పోదు" అంది.

మొదటి నాలుగూ ఒక చార్టు మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. తలగడది చేసే పని కాదు, మానే పని, దానికి టిక్కెందుకని రాయలేదు. చేసినదానికల్లా టిక్కు. ఇవాళ అన్నిటికీ టిక్కే! ఈ లెక్కన జనవరికి పరిగెడతాను.

నవంబరు 4. రెండో రోజు.

5.15కి లేచాను. ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా వెళ్ళి వచ్చాను. దారిలో ముగ్గురు పలకరించారు. ముగ్గురికీ మోకాలు చూపించాను. ఒకాయన దండం పెట్టాడు, మోకాలికో నాకో తెలియలేదు.

నవంబరు 6. నాలుగో రోజు.

శ్రీలలిత వచ్చింది. రావికమతం నించి స్కూటీ మీద వస్తుంది పాపం. నన్ను వరండాలో ఇటూ అటూ నడిపించి చాలాసేపు చూసింది.

"అంకుల్, మీరు బస్సులో లేరండి."

"అంటే?"

"కాళ్ళు అంత ఎడంగా ఎందుకు పెడతన్నారు? ఎడం తుంటి ఎవరిమీదో ఆనించినట్టు ఆ ఒరుగుడేటి?"

ఎవరిమీదో కాదమ్మా, సీటు రాడ్డు మీద! ముప్పై నాలుగేళ్ళు కదిలే బస్సులో కాళ్ళు బార్లా పెట్టి, తుంటి రాడ్డుకి ఆనించి నిలబడ్డాను. బస్సు పోయినా ఒరుగుడు ఉండిపోయింది. కర్ర కూడా కుడిచేత్తోనే పట్టుకుంటున్నానట. మరి ఎడమ చేతిలో ఇన్నేళ్ళూ టికెట్లున్నాయి, అది వేరే పని చేయనంటుంది!

లోపల్నించి కనకం నవ్వు. "ఆపరేషను మోకాలికి సేసేరు గానీ కండక్టరుకి సెయ్యనేదమ్మా."

నవంబరు 9, ఆదివారం. ఏడో రోజు.

కార్తీక వనభోజనాలు. చీడికాడ వైపు మామిడితోటలో. అందరూ చాపల మీద కూర్చుంటే నాకొక్కడికే ప్లాస్టిక్ కుర్చీ. ఎత్తు మీదున్నవాడికి వడ్డన ముందు అందుతుందని ఈరోజే తెలిసింది. పులిహోర రెండుసార్లు. గారెలు లెక్కపెట్టలేదు.

నడక: కుర్చీ నించి ఆటో దాకా. తోటలో గతుకులు కదా, కొత్త మోకాలికి రిస్కు. రేపు రెండింతలు నడుస్తాను.

నవంబరు 10. ఎనిమిదో రోజు.

రెండింతలు నడిస్తే మోకాలు వాస్తుందేమో. మామూలుగానే నడుద్దామనుకున్నాను. వాన పడింది.

నవంబరు 12. పదో రోజు.

ఉదయం 6.40. (అలారం గురించి రాయను.)

నడక: ఉమామహేష్ బజ్జీల బండి దాకా. ఉమామహేష్ నా డ్రైవరు. పంతొమ్మిదేళ్ళు ఒకే బస్సు. ఇప్పుడు బండి పెట్టుకున్నాడు. మా ఇంటికి మూడువందల అడుగులు.

"ఏటి బాబూ, కొత్త పార్టు ఎలగుంది?"

"ఇంజను బాగుంది, బాడీ సహకరించడం లేదురా."

బెంచీ మీద నలభై నిమిషాలు కూర్చున్నాను. మిరపకాయ బజ్జీలు నాలుగు. చార్టులో 'సాయంత్రం నడక' దగ్గర టిక్కు పెట్టాను. వెళ్ళాను కదా! వచ్చాను కదా! మధ్యలో ఏం జరిగిందని చార్టు అడగదు.

నవంబరు 14. పన్నెండో రోజు.

చలి. వ్యాయామం చేస్తే మోకాలు లాగుతోంది. పడుకుంటే పొడుస్తోంది. ఎలా పడుకున్నా సుఖం లేదు.

మధ్యాహ్నం కనకం స్టూలు దగ్గర్నించి లేచి, గోడ పట్టుకుని గదిలోకి వచ్చింది. "కాలు కింద ఏదైనా పెట్టనా బావా?" అంది.

నేను చెప్పాల్సిన మాట: వద్దు.

నేను చెప్పిన మాట: "పెట్టు. డాక్టరు గారే పెట్టమన్నారు."

తలగడ పెట్టింది. అబ్బ! స్వర్గం. అరగంటే. ఒక్కరోజే.

నవంబరు 17. పదిహేనో రోజు.

తలగడ: నాలుగో రోజు. కనకం అడగకుండానే పెట్టేస్తోంది.

శ్రీలలిత వస్తే మోకాలు చాపించి చూస్తుంది, దొరికిపోతాను. అందుకని పొద్దున్నే ఫోను చేశాను. "ఇంక నువ్వు శ్రమపడి రానక్కర్లేదమ్మా, నాకు మొత్తం వచ్చేసింది."

"నిజంగా అంకుల్? చాపితే తిన్నగా వస్తోందా?"

"స్కేలు పెట్టి గీత గియ్యొచ్చమ్మా!"

మంచి పిల్ల. నమ్మేసింది. ఫోను పెట్టేశాక కాసేపు ఏమీ తోచలేదు. టిఫిను తిన్నాక తోచింది.

నవంబరు 20. పద్దెనిమిదో రోజు.

నడవలేదు. కారణాలు: (1) రోడ్డు నిండా చెరుకు ట్రాక్టర్లు, పక్కకి తప్పుకోవాలంటే రిస్కు. (2) చెప్పు లూజు. (3) అమావాస్య.

నవంబరు 23, ఆదివారం. ఇరవై ఒకటో రోజు.

అనకాపల్లి నించి మా అమ్మాయి సంయుక్త వాచీ పంపింది. చేతికి పెట్టుకుంటే ఎన్ని అడుగులు వేశామో అదే లెక్కపెడుతుందట. ఉత్సాహం తిరిగొచ్చింది! దీక్ష మళ్ళీ పట్టాలెక్కింది! ఇవాళ 412 అడుగులు. అందులో వంటింటికి ఎన్నో అడగొద్దు.

నవంబరు 25. ఇరవై మూడో రోజు.

వడ్డాదిలో ఉన్న అచ్చియ్యమ్మ వదినకి, అంటే కనకం అక్కకి, ఉసిరికాయ పచ్చడి జాడీ ఇచ్చి రమ్మంది. షేరాటోలో వెళ్ళి షేరాటోలో వచ్చాను. ఇంటికొచ్చి వాచీ చూసుకుంటే,

5,214!

ఆటో గోతిలో పడినప్పుడల్లా వాచీ ఒక అడుగు వేసుకుంది! పాడైన రోడ్డు వల్ల లాభపడినవాణ్ణి ఈ మండలంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

కనకం వాచీ చూసి రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది. "ఓలమ్మ! ఐదువేలే! ఈ పాటి నడిసేవా బావా?" అని వెంటనే వాళ్ళక్కకి ఫోను చేసింది. "అప్పా, సూసేవా? ఐదువేలు నడిసేడే మీ మరిది!"

కాదని చెప్పొచ్చు. ఆవిడ ముఖం అంత వెలిగిపోవడం చాలా రోజులకి చూశాను. చెప్పలేదు.

నవంబరు 29. ఇరవై ఏడో రోజు.

ఒప్పుకుంటున్నాను. ఫ్రిజ్ మీది చార్టులో రాబోయే వారానికి కూడా ఇవాళే టిక్కులు పెట్టేశాను.

సర్వీసులో ప్రతి స్టేజీకీ టికెట్ల లెక్క షీటులో రాసేవాణ్ణి. స్టేజీ రాకముందే షీటు మూసేసిన కండక్టర్లని చూసి ఛీ అనుకునేవాణ్ణి. చెకింగు వాళ్ళు ఎన్నిసార్లు ఎక్కినా నా షీటులో ఒక్క తప్పు దొరకలేదు. ఒక్క మెమో లేదు. రిటైరయ్యాక, సొంత ఇంట్లో, సొంత ఫ్రిజ్ మీద దొంగ షీటు రాస్తున్నాను!

ఈ డైరీలో మాత్రం నిజమే రాస్తున్నాను. ఎక్కడో ఒకచోట రాయకపోతే అన్నం సహించడం లేదు.

డిసెంబరు 4. ముప్పై రెండో రోజు.

సాయంత్రం 5.00. కనకం వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"బావా, ఆ గేటు కాడినుంచి ఇక్కడికి నడు. కర్రొద్దు. సూస్తాను."

నడిచాను. మడమ ముందు, వేళ్ళు తరవాత అనుకుంటూనే నడిచాను. నాలుగో అడుగుకి తుంటి దానంతటదే ఒరిగింది. కుడి కాలు తిన్నగా రాలేదు. ఎంత నొక్కినా ఇంకా కొంచెం వంగే ఉంది. కుంటు పోలేదు. గేటు నించి కుర్చీ దాకా కుంటుతూనే వచ్చాను.

ఏదైనా అంటుందేమో అని చూశాను. మెల్లిగా లేచి లోపలికి వెళ్ళింది.

డిసెంబరు 7, ఆదివారం. ముప్పై అయిదో రోజు.

నడక: లేదు. వ్యాయామం: లేదు. తలగడ: ఉంది. బజ్జీలు: ఆరు.

ఉమామహేష్‌కి చెప్పాను. "ఇంక ఆరు రోజులే ఉందిరా, ఆరు రోజుల్లో ఏం బాగుపడుతుంది?"

"లేటయిన బస్సు మరేటి సేస్తాది బాబూ, గమ్యం దాకా పోతాది గానీ మధ్యలో ఆగిపోదు కదా."

బాగా చెప్పాడు. ఇంకో ప్లేటు చెప్పాను.

డిసెంబరు 11. ముప్పై తొమ్మిదో రోజు.

ఉదయం 10.30. మంచం మీద కళ్ళు మూసుకుని ఉన్నాను. తలగడ మామూలే. నిద్రపోయాననుకుని వంటింట్లో కనకం అచ్చియ్యమ్మ వదినతో ఫోనులో మాట్లాడుతోంది. వదినకి చెవుడు, అందుకని స్పీకరు పెడుతుంది. రెండు వైపులా వినిపించింది.

"లేదప్పా, నేను సేయించుకోను. ఎల్లుండి డాక్టరుకి సెప్పేస్తాను."

"ఏటే మరీ?"

"బావని సూస్తన్నాను కదా. ఏ ఒక్కరోజూ మానలేదు పాపం. సార్టు నిండా టిక్కులే. ఒక్కరోజే ఐదువేలు నడిసేడు, వాచీయే సెప్పింది కదా. డాక్టరు సెప్పినట్టు తలగడ కూడా పెట్టుకుంటన్నాడు. అంత సేసినా కుంటతన్నాడప్పా! అంత పట్టుదల మనిసికే రానిది నాకేటొస్తాది? నా బతుక్కి ఈ స్టూలే గతి."

కళ్ళు తెరవలేదు. తెరిచే మొహం లేదు.

నేను కుంటుతున్నానని కాదు ఆవిడ వద్దంటున్నది. నేను అన్నీ చేసి కూడా కుంటుతున్నానని. నా టిక్కులే, నా ఐదువేల అడుగులే ఆవిడని ఆ స్టూలుకి కట్టేశాయి. ఏళ్ళ తరబడి నొప్పి పడుతున్న మనిషి, ఆ నొప్పితోనే గోడ పట్టుకుని వచ్చి నాకు తలగడ పెట్టిన మనిషి! ఛీ. బంగార్రాజూ, ఛీ.

డిసెంబరు 12. నలభయ్యో రోజు.

ఉదయం 11.00. ఈ పుస్తకం కనకానికి ఇచ్చాను. "మొదటి నించీ చదువు" అన్నాను.

(మిగతాది తిరిగి చేతికి వచ్చాక రాస్తున్నది.)

11.05. కళ్ళజోడు వెతుక్కుంది. స్టూలు మీద కూర్చుంది.

11.20. నవ్వింది. వనభోజనాల దగ్గర అయ్యుంటుంది.

11.35. నవ్వు ఆగింది.

11.40. "బావా, తలగడ పెట్టకూడదా?"

నేను నేల చూశాను.

"నా సేత్తో పెట్టించేవు కదా. ఇరవై తొమ్మిది రోజులు, నా సేత్తో."

ఏడుపొచ్చింది నాకు. అరవై రెండేళ్ళవాణ్ణి, వంటింటి గుమ్మంలో నిలబడి ముక్కు తుడుచుకున్నాను. మధ్యాహ్నం ఆవిడ అన్నం పెట్టింది, "ఇంకొంచెం" అనలేదు. చారు నేనే పోసుకున్నాను.

సాయంత్రం 4.00. పుస్తకం పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"కండక్టరు గారూ."

అయిపోయాననుకున్నాను.

"ఇందులో రాసిందంతా నిజవేనా?"

"ఈ పుస్తకంలో అబద్ధం రాయలేదే."

"ఒట్టు?"

"ఒట్టు."

"అయితే నలభై రోజులూ నువ్వు ఏటీ సెయ్యనేదు."

"లేదు."

"నడవనేదు. కసరత్తు సెయ్యనేదు. వద్దన్న తలగడ పెట్టుకున్నావు. బజ్జీలు తిన్నావు."

"అవును."

ఆవిడ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏటీ సెయ్యకండానే ఈపాటి నడుస్తన్నావా?"

నాకు అర్థం కాలేదు.

"ఆపరేషనుకి ముందు గేటుదాకా రావడానికి నువ్వు రెండుసార్లు కూకునేవోడివి. అమ్మోరి పేరు తలుసుకుంటా నడిసేవోడివి. ఇప్పుడు బజ్జీల బండిదాకా పోతన్నావు, వడ్డాది పోయొస్తన్నావు, ఏ రోజూ నొప్పని అరిసింది నేదు. నీలాటి బద్ధకపు మనిసిని కూడా ఇంత నడిపించిందంటే, అది మంచి మోకాలే బావా!"

నా పరువు పోయినందుకు నేను సంతోషించిన రోజు జీవితంలో ఇదొక్కటే.

డిసెంబరు 13, శనివారం. నలభై ఒకటో రోజు.

విశాఖ. డాక్టరు గారు మోకాలు వంచారు, చాపారు, కొలిచారు. నూట పది డిగ్రీలైనా వంగాల్సింది తొంభై అయిదు దగ్గర ఆగింది. చాపితే పది డిగ్రీలు తక్కువ. "వ్యాయామం చేశారా?" అన్నారు. నేను గొంతు సవరించుకునేలోపు కనకం పుస్తకం తీసి టేబుల్ మీద పెట్టింది.

ఆయన నవంబరు 25 దాకా చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నవ్వి, తరవాత కోప్పడ్డారు. "ఆలస్యమైంది గానీ దాటిపోలేదు. ఇవాళ్టి నించి ఒళ్ళు వంచి చెయ్యండి. ఆ తలగడ పారెయ్యండి."

"అయితే డాక్టరు బాబూ, తప్పు మోకాలిది కాదు కదా?" అంది కనకం.

"కాదమ్మా. మోకాలు ఫస్ట్ క్లాస్."

"అయితే నాకెప్పుడు సేస్తారు?"

జనవరి 7. ముందు ఎడమది, అది కుదురుకున్నాక కుడిది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని కనకం చెయ్యి నా చెయ్యి మీద పెట్టింది. భయమేస్తోందా అని అడిగాను. "ఏస్తంది" అంది. నాకూ వేస్తోందన్నాను.

డిసెంబరు 14, ఆదివారం. ఒకటో రోజు.

ఉదయం 5.10. లేచాను. నేను లేవలేదు, కనకం లేపింది.

శ్రీలలితకి ఫోను చేసి తప్పు ఒప్పుకున్నాను. "నాకు తెలుసు అంకుల్, స్కేలు అన్నప్పుడే అనుమానమొచ్చింది" అంది. రేపట్నించి వస్తుంది.

ఫ్రిజ్ మీద కొత్త చార్టు. టిక్కు పెట్టే పెన్ను ఇంక నా దగ్గర ఉండదట. వాచీ కూడా కనకం చేతికే. వరండాలో కుర్చీ వేసుకుని "మడం ముందు! మడం ముందు! తుంటెందుకు ఒరిగింది, బస్సు మలుపు తిరిగిందేటి?" అని అరుస్తూనే ఉంది. ముప్పై నాలుగేళ్ళలో ఇంత గట్టి చెకింగు చూడలేదు.

తలగడ: పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది.
బజ్జీలు: ఉమామహేష్‌కి ఫోను వెళ్ళింది. నాకు అమ్మకూడదట.
వ్యాయామం: మూడుసార్లు. రెండోసారి ఏడ్చాను.
నడక: ఇరవై రెండు నిమిషాలు.

రోజూ ఈ పుస్తకం చూపించి సంతకం పెట్టించుకోవాలట. ఇస్తున్నాను.

*ఇరవై రెండు కాదు. పద్దెనిమిది. నాలుగు నిమిసాలు గేటు పట్టుకుని నిలబడ్డాడు. నేను సూసేను. జనవరి ఏడుకి ఇంక ఇరవై నాలుగు రోజులే ఉంది. అప్పటికి తిన్నగా నడవాల బావా, నన్ను పట్టుకుని నడిపించడానికి నువ్వే కదా ఉన్నావు.*

*కనకమహాలక్ష్మి*